చిన్న లైను ఇంజను సరే, గూడ్సు ఆఫీసు సంగతేంటి?

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన పర్లాకిమిడి చిన్న బండి గురించి ఎవరు రాసినా ఇంజను దగ్గర మొదలుపెట్టి ఇంజను దగ్గరే ఆపేస్తారు. పొగ, కూత, పొలాల మధ్య నింపాదిగా పోయే పెట్టెలు, కదులుతున్న బండి దిగి పక్క చేలో చెరకుగడ విరుచుకుని మళ్ళీ ఎక్కేసిన కుర్రాళ్ళు. బాగానే ఉంటాయి, నేనూ చదువుతాను. కానీ ఆ లైను వేసింది ఫొటోల కోసం కాదు కదా. అది మా ఊళ్ళకి చేసిన అసలు మేలు స్టేషనుకి ఓ పక్కగా రేకుల కప్పు కింద, కాటా పక్కన బల్ల వేసుకుని కూచున్న ఒక మనిషి దగ్గర ఉండేది. ఎవరు ఏ మూట తెచ్చినా తూచి, పుస్తకంలో రాసి, రసీదు చింపి చేతిలో పెట్టేవాడు. ఆ రసీదు మీద ముద్ర పడ్డాక ఆ మూటకి రైల్వేదే పూచీ. ఇంజను పోయినందుకు నాకేం బాధ లేదు, డీజిలైనా కరెంటైనా బండి బండే. ఆ మనిషి కుర్చీ తీసేశారు చూడండి, నా పేచీ అక్కడ.

మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతరోజున రెండూ కలిపి, కొండ దిగి వచ్చేవాళ్ళతో నాలుగు ముక్కల సవర. మా తాతయ్యది కమీషన్ వ్యాపారం. చింతపండు, పసుపు, కొండచీపుర్లు కొని కిందికి పంపేవాడు. ఉప్పు, ఎండు చేపలు, బట్టలు పైకి తెప్పించేవాడు. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుకొఠార్ల ఉప్పు మా కొండల్లోని గుడిసెల దాకా చేరడానికి ఆ రోజుల్లో ఆ రెండున్నర అడుగుల పట్టాలే దిక్కు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పర్లాకిమిడి రాజావారు దాదాపు 7 లక్షల రూపాయలు పెట్టి నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా లైను వేయిస్తే 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. మొదట్లో అంతా నష్టమే. 1910 దాటాక కాస్త తేరుకుని, 1924-25 నుంచి లాభాలు బాగా కనబడ్డాక 1929లో కొంత, 1931లో కొంత పొడిగించి గుణుపురం చేర్చారు. మొత్తం 90 కిలోమీటర్లు. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంటే మా వైపు పట్టాలు ముందొచ్చాయి, సరిహద్దు తర్వాతొచ్చింది. మహేంద్రతనయ నదికి ఆ పక్క పాతపట్నం ఆంధ్రలో, ఈ పక్క పర్లాకిమిడి ఒడిశాలో. 2017లో జీఎస్టీ వచ్చేదాకా లారీవాడు ఆ గీత దాటాలంటే చెక్‌పోస్టు దగ్గర కాగితాలు పట్టుకుని పడిగాపులు కాయాల్సిందే, చిన్న బండి మాత్రం ఏ గేటు దగ్గరా ఆగకుండా దర్జాగా దాటిపోయేది.

ఇక నౌపడ. మా సరుకు కథలో ముఖ్యమైన ఊరు అదే, ఎందుకంటే చిన్న లైను అక్కడితో సరి. మద్రాసు వెళ్ళాలన్నా కలకత్తా వెళ్ళాలన్నా అయిదున్నర అడుగుల పెద్ద లైను వ్యాగన్లోకి సరుకు మారాలి. మార్చడం అంటే ఏ యంత్రమో ఎత్తి పెట్టడం కాదు. ఒక్కో బస్తా ఒక మనిషి వీపు మీద ఒక తలుపులోంచి బయటికొచ్చి ఇంకో తలుపులోకి వెళ్ళాలి. దీనికి కళాసీ ముఠాలు, ముఠాకో మేస్త్రి. రైల్వేలో గూడ్సు క్లర్కుగా చేసి రిటైరైన మా మేనమామ ఈ పని గురించి చెబుతుంటే భోజనం చల్లారిపోయినా లేచేవాడు కాదు. అటు పెట్టెకీ ఇటు పెట్టెకీ మధ్య బల్లచెక్క వేస్తారు. లోపల ఇద్దరు బస్తా చెవులు పట్టుకుని ఎత్తి మూడోవాడి వీపు మీదికి జార్చుతారు. వాడు కొక్కెంతో బస్తా మూల పట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, చెక్క ఊగే లయకి అడుగు కలుపుతూ దాటతాడు. లయ తప్పితే చెక్కే తన్నేస్తుంది. ఎదురుగా బస్తాల లెక్క రాసుకునే టాలీ క్లర్కు. మేస్త్రి పైకి లెక్కపెడుతుంటాడు, 'లాభం... రెండు... మూడు...' అని (ఒకటి అనడానికి బదులు లాభం అంటారు), క్లర్కు నాలుగు నిలువు గీతలు గీసి అయిదోది అడ్డంగా కొడుతుంటాడు. మధ్యలో ఎవరో పలకరిస్తారు, లెక్క తప్పుతుంది. మేస్త్రి లెక్కకీ క్లర్కు గీతలకీ ఒక బస్తా తేడా వస్తుంది. అప్పుడు వ్యాగను మళ్ళీ దింపాలా, లేక 'ఒకటి తక్కువ' అని రాసి పంపేయాలా? ఇది మా మావయ్య ఉద్యోగం మొత్తమ్మీద ఎక్కువసార్లు ఎదురైన ధర్మసందేహమట.

వానాకాలంలో ఉప్పు మార్చే పని అన్నిటికంటే పాపిష్టిది. గోనె కిందనుంచి ఉప్పునీరు కారి వీపు మీద చెమటపొక్కుల్లోకి దిగుతుంది, పొద్దున్న మొదలెట్టినవాడికి సాయంత్రానికి చర్మం మండిపోతుంది. ఎండు చేపల రోజైతే ముఠావాళ్ళని చుట్టుపక్కల హోటల్లో బల్ల దగ్గర కూచోనిచ్చేవాళ్ళు కాదట, బయటే టీ. అందుకే 'ఆ రోజులే వేరు' అని ఎవరైనా నిట్టూరిస్తే ముందు ఆ వీపులు తలుచుకోమంటాను. గేజి మార్పుతో ఆ ఎత్తుడు దింపుడు పోవడం మంచిదే. 2004లో చిన్న లైను మూసి, 2010లో పర్లాకిమిడికీ 2011లో గుణుపురానికీ పెద్ద లైను తెచ్చారు. సంతోషం. వీపు మీద బరువు తీసేశారు సరే, బరువుతో పాటు మా మూటని కూడా రైల్లోంచి తీసేశారేమిటని అడుగుతున్నా.

రసీదు సంగతి వివరంగా చెప్పాలి. రైల్వే రసీదుని వ్యాపారులు ఆర్‌ఆర్ అనేవాళ్ళు, మా ఇంట్లో బిల్టీ. కార్బన్లు పెట్టి, పెన్సిలు గట్టిగా నొక్కి రాసేవాళ్ళు. పంపేవాడి పేరు, అందుకునేవాడి పేరు, ఎన్ని బస్తాలు, ఏ సరుకు, బరువు, కిరాయి, బస్తా మీది మార్కా. మా తాతయ్య మార్కా త్రికోణంలో రెండక్షరాలు. కొబ్బరిపీచు కుంచెతో నల్లరంగు ముంచి ప్రతి బస్తా మీదా తనే వేసేవాడు, ఆ పని గుమాస్తాకి వదిలేవాడు కాదు. అసలు గమ్మత్తు ఏమిటంటే ఆ కాగితం చేతిలో ఉన్నవాడే సరుకుకి హక్కుదారు. తాతయ్య బిల్టీని తన పేరునే రాయించుకుని, వెనక సంతకం పెట్టి బ్యాంకుకి ఇచ్చేవాడు. విజయనగరంలో కొన్నవాడు ఆ బ్యాంకులో డబ్బు కట్టి కాగితం విడిపించుకుంటే తప్ప గూడ్సు షెడ్డులో సరుకు కదిలేది కాదు. ఎన్నడూ మొహం చూడని మనిషికి చింతపండు పంపి నిశ్చింతగా నిద్రపోవడం ఎలా కుదిరేదంటే, ఇలా. నమ్మకం మనిషి మీద కాదు, కాగితం మీద. కొన్నవాడు తాత్సారం చేస్తే, సరుకు విడిపించకుండా షెడ్డులో ఉంచినందుకు కట్టాల్సిన వార్ఫేజి రోజు రోజుకీ పెరుగుతుంది (ఊళ్ళో దాన్నీ డెమరేజి అనే అంటారు), ఆ భయానికి వాడే పరుగెత్తుకొచ్చేవాడు.

చట్టం కూడా ఏదో మొక్కుబడిగా లేదు. 1962కి ముందు రైల్వే బాధ్యత అంతంతమాత్రం: తన సొంత సరుకుని చూసుకునేపాటి జాగ్రత్త పడితే చాలు. 1962 జనవరి 1 నుంచి ఆ తప్పించుకునే దారి మూసేశారు. పిడుగు పడటం, యుద్ధం రావడంలాంటి కొన్ని కారణాలు తప్ప, దారిలో సరుకు పోతే రైల్వేదే బాధ్యత అయింది. ఇప్పుడున్న 1989 చట్టంలోనూ అదే దారి. క్లెయిము కావాలంటే ఆరు నెలల్లో నోటీసివ్వాలి, ఒప్పుకోకపోతే ట్రిబ్యునల్ ఉంది. తక్కువ కిరాయి కావాలంటే ఓనర్స్ రిస్కు, అంటే నష్టం సరుకు సొంతదారు నెత్తిన. ఎక్కువ కడితే రైల్వే రిస్కు. పేదవాడు ఓనర్స్ రిస్కే రాయించుకునేవాడనుకోండి, అది వేరే ఏడుపు.

మరి అంతా సత్యకాలమా? అబ్బే. క్లర్కు చేతిలో ఉన్న పెద్ద ఆయుధం రిమార్కు. 'పాత గోనె, కుట్టు వదులు' అని బిల్టీ మీద ఒక్క ముక్క రాసేస్తే రేపు బస్తా సగం ఖాళీగా చేరినా క్లెయిము గోవిందా, ప్యాకింగు సరిగా లేదంటారు. అందుకని గోనె కొత్తదైనా సరే, 'ఏటి షావుకారు గారూ, కుట్టు కాస్త వదులుగా కనిపిస్తోందే' అని క్లర్కు దబ్బనంతో గోనె గుచ్చి చూస్తూ నసిగితే, తాతయ్య జేబులో చెయ్యి పెట్టాల్సిందే. 'పంపినవాడు చెప్పిన బరువు' అని రాసి కాటా వేయకుండా తప్పించుకోవడం ఇంకో విద్య. అలా రాస్తే తరుగు నిరూపించే బాధ్యత మన నెత్తినే పడుతుంది. దొంగతనాలు సరేసరి. బొరిగెలాంటి బోలు గొట్టం గుచ్చి పసుపు పిసరంత పిసరంత లాగేసి, గోనె నేత మళ్ళీ వేలితో సర్దేసేవాళ్ళట. మా ఇంట్లో ఒక క్లెయిము ఎంత కాలం నడిచిందంటే, డబ్బులు వచ్చేటప్పటికి ఆ సరుకు ఏ సంతలో కొన్నదో తాతయ్యకే గుర్తులేదు. కానీ వచ్చాయి. రావడం నాకు ముఖ్యం.

సామాన్ల సంగతి కూడా ఇందులో భాగమే. ఈ రోజుకీ మామూలు సెకండు క్లాసు టిక్కెట్టు మీద 35 కిలోలు, స్లీపరు మీద 40 కిలోలు ఊరికే తీసుకెళ్ళొచ్చు. అంతకు మించితే లగేజీ ఆఫీసులో తూయించి, డబ్బు కట్టి, గార్డు పక్కనుండే బ్రేకు పెట్టెలో వేయించవచ్చు. పాతకాలం వాళ్ళు ఇంటిల్లిపాదీ కదిలితే ఇదే చేసేవాళ్ళు. ట్రంకు పెట్టెలు, హోల్డాలు చుట్టలు, ఓ సైకిలు అన్నీ చీటీ కట్టి బ్రేకులో. ఎంత బక్క సైకిలైనా 40 కిలోల లెక్కన కట్టించుకునేవాళ్ళు. ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ వేసుకున్న పోర్టరు నాలుగు చక్రాల తోపుడు బండి మీద పేర్చి బ్రేకు దాకా తోసేవాడు. ఇది సుఖం కోసం చేసిన ఏర్పాటు మాత్రమే కాదు. చట్టంలో 100వ సెక్షను ఒకటుంది: రైల్వే ఉద్యోగి బుక్ చేసి రసీదు ఇచ్చిన సామానుకే రైల్వే బాధ్యత. మన దగ్గరే పెట్టుకున్న పెట్టె పోతే, వాళ్ళ నిర్లక్ష్యం వల్లే పోయిందని మనమే రుజువు చేసుకోవాలి.

ఇప్పుడు ఒడిశా గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళేవాళ్ళనీ, మా వైపు నుంచి హైదరాబాదు, కేరళ వెళ్ళేవాళ్ళనీ చూడండి. ఆరు నెలలకి సరిపడా బట్టలు, బియ్యం, గిన్నెలు, ఒక సిమెంటు సంచిలో కుక్కి మూతి కట్టి, జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి తలుపు దగ్గర దాని మీదే కూచుని రెండు రాత్రులు వెళతారు. కునుకు పట్టదు, సంచి పోతుందని టెన్షన్. బ్రేకులో వేయించుకునే హక్కు వాళ్ళకీ ఉంది. అయితే ఆ హక్కు వాడుకునే కిటికీ ఎక్కడుంది? చిన్న స్టేషన్లలో చాలా చోట్ల టిక్కెట్లిచ్చే అతనొక్కడే, బండి వచ్చే వేళకి అతని ముందు వంద మంది. అక్కడ నిలబడి 'నా సంచి తూచండి' అని అడిగే ధైర్యం నాకే లేదు.

మూటలు తీసుకునే ఆ ఏర్పాటు ఎలా పోయింది? లారీ కొట్టిన దెబ్బ ఒకటి, రైల్వే తనకి తాను వేసుకున్న లెక్క ఒకటి. ఒకప్పుడు ఒక వ్యాగనుకి సరిపడా సరుకు ఉన్నా తీసుకునేవాళ్ళు, అంత లేకపోతే చిల్లర సరుకుగా నలుగురిదీ కలిపి ఒక వ్యాగన్లో వేసేవాళ్ళు. ఆ వ్యాగన్లన్నీ పెద్ద యార్డుల్లో విడదీసి, మళ్ళీ కూర్చి, దారిలో ఎక్కడో రోజుల తరబడి నిలబెట్టేవాళ్ళు. 1980-81లో ఒక వ్యాగను ఒకసారి నింపినప్పటి నుంచి మళ్ళీ నింపేదాకా సగటున 15 రోజులు పట్టేది. దాంతో ఎనభైల నుంచి పద్ధతి మార్చేశారు. ఒకే చోట నిండి ఒకే చోట ఖాళీ అయ్యే పూర్తి రేకులు (రేకు అంటే వరసగా తగిలించిన వ్యాగన్ల బండి మొత్తం). బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు, ఎరువులు. ఆ 15 రోజులు 5 రోజుల చుట్టుపక్కలకి వచ్చాయి. దేశానికి లాభమే, కాదనను. కానీ ఇప్పటి మూసిన వ్యాగన్ల పూర్తి రేకు అంటే 58 వ్యాగన్ల దాకా ఉంటుంది. చిన్నవాళ్ళ కోసం అని పెట్టిన మినీ రేకు కూడా 20 వ్యాగన్లు, వెయ్యి టన్నుల పైమాటే. గుణుపురం సంతలో పసుపు అమ్మే సవర రైతుని వెయ్యి టన్నులు తెమ్మంటే, పెళ్ళికి పిలిచి వంటసామాను మొత్తం నువ్వే తెచ్చుకోమన్నట్టుంది.

ఇంకో వింత చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు రవాణాలో పదింట ఎనిమిది వంతులకి పైగా రైలు మీదే వెళ్ళేది. ఇప్పుడు మూడు వంతులు కూడా లేదు. జాతీయ రైల్ ప్లాన్‌లో దాన్ని 2030 నాటికి 45 శాతం చేస్తామని రాసుకున్నారు. పోయిన సరుకు ఎటు పోయిందో అటు వెళ్ళి వెతకాలి కదా. పోయింది బొగ్గు కాదు, బొగ్గు ఇప్పటికీ రైల్లోనే ఉంది. పోయింది బస్తా.

ఆ బస్తా ఇప్పుడు బస్సు డిక్కీలో వెళుతోంది. రెండేళ్ళ కిందట హైదరాబాదులో ఉన్న మా చెల్లికి ఇంటి పసుపు, చింతపండు ఒక మూట కట్టి ప్రైవేటు బస్సు కార్గోలో వేశాను. కాటా లేదు. కుర్రాడు మూటని కాలితో కాస్త కదిపి చూసి రేటు చెప్పాడు. రసీదు అడిగితే బొటనవేలంత చీటీ, దాని మీద 'మూట 1', ఒక ఫోన్ నంబరు. వెనక చిన్న అక్షరాల్లో పోయినా, తడిసినా, ఆలస్యమైనా తమకి సంబంధం లేదని ముందే అచ్చువేసి పెట్టుకున్నారు. మూట చేరింది, సగం తడిసి, బూజు పట్టి. ఫోన్ చేస్తే 'వాన కదా సార్, మేమేం చేస్తాం' అన్నాడు. తాతయ్య కాలపు క్లర్కు లంచం తిన్నాడేమో గానీ, 'మేమేం చేస్తాం' అని కాగితం మీద రాసివ్వలేదు. లంచగొండితో పేచీ పెట్టుకోవచ్చు, పైవాడికి అర్జీ పెట్టుకోవచ్చు. పూచీయే లేనివాడితో ఏం పెట్టుకుంటాం?

దీనికి జవాబులు నాకు తెలుసు, మా మావయ్యే చెబుతుంటాడు. ఒకటి, లారీ గుమ్మం దగ్గరికొస్తుంది, రైలు రాదు. నిజమే, కానీ బస్సు కార్గో కూడా గుమ్మం దగ్గరికి రాదు, మనమే ఆటోలో బస్టాండుకి మోసుకెళుతున్నాం, స్టేషనుకి మోయలేమా? రెండు, బండి రెండు నిమిషాలే ఆగుతుంది, ఎక్కించే వ్యవధి ఎక్కడిది? పెద్ద లైను మీద నడిమి స్టేషన్లకి ఈ మాట ఒప్పుకుంటాను. కానీ గుణుపురం లైనుకి చివరి స్టేషను. బండి ఇక్కడ తిరిగి బయలుదేరేదాకా నిలబడే ఉంటుంది, దేశంలో ఇలాంటి చివరి స్టేషన్లు ఎన్నో. మూడు, బ్రేకు పెట్టెల్లో జాగా టెండరు పెట్టి కాంట్రాక్టర్లకి లీజుకిస్తున్నారు, వాళ్ళు చూసుకుంటారు కదా అని. చూసుకుంటారు, పెద్ద ఊరి నుంచి పెద్ద ఊరికి. కాంట్రాక్టరుకి సంత ఏ వారమో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు.

నాలుగోది గట్టి జవాబు: చిల్లర సరుకు తీసుకుంటే మళ్ళీ పాత యార్డుల గందరగోళమే వస్తుంది. రాదు. వ్యాగన్లు కూర్చమని ఎవరడిగారు? ప్యాసింజరు బండికి తగిలించే ఉన్న బ్రేకు పెట్టె, ఒక్కో అరకి దాదాపు 4 టన్నులు పట్టేది, ఎలాగూ వెళుతూనే ఉంటుంది. కిసాన్ రైలు పెట్టినప్పుడు రైల్వేవాళ్ళే ఇది చేసి చూపించారు. 2020 ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి బీహారులోని దానాపూర్‌కి మొదటిది బయలుదేరింది. రేకు నింపమనలేదు, ఇంతకు తక్కువైతే కుదరదనలేదు, చిన్న రైతు తెచ్చిన కొద్దిపాటి పెట్టెలు కూడా దారిలో స్టేషన్లలో ఎక్కించుకున్నారు. కూరగాయలకీ పళ్ళకీ కిరాయిలో సగం ప్రభుత్వమే భరించింది. రాయితీ ఉన్నన్నాళ్ళూ జరిగిందంటే పద్ధతి సాధ్యమేనని అర్థం. డబ్బు ఎవరు పెట్టాలన్నదే మిగిలిన చర్చ.

ఆ చర్చ చేద్దాం. నేనడిగేది పాత గూడ్సు షెడ్డు కాదు, ముఠాలూ వద్దు, మద్రాసుకి వ్యాగనూ వద్దు. చివరి స్టేషన్లలో, వారంలో సంత రోజునా ఆ మర్నాడూ, ఒక ఎలక్ట్రానిక్ కాటా, ఒక కంప్యూటరు, సంతకం పెట్టే అధికారం ఉన్న ఒక ఉద్యోగి. వంద కిలోల లోపు మూటలు, అదే లైనులో వెళ్ళే బండికి. వలస వెళ్ళేవాళ్ళ సంచులు కూడా అదే కిటికీలో. 'జీతానికి సరిపడా ఆదాయం రాదు' అని మావయ్య తల అడ్డంగా ఊపుతాడు. మొదట్లో రాకపోవచ్చు. ఈ లైనుకే మొదటి పదేళ్ళూ రాలేదు, 1900లో వేసినవాళ్ళు 1910 దాకా నష్టం భరించారు. ఒక కిటికీకి రైల్వే మూడేళ్ళు ఇచ్చి చూడొచ్చు. సరుకు ఉందా లేదా అనుమానం ఉంటే సంత మర్నాడు పొద్దున్నే ఇక్కడి బస్టాండుకి వచ్చి డిక్కీల్లోకి ఎక్కే బస్తాలు లెక్కపెట్టుకోమనండి.